ఎండాకాలంలో డాబా మీది నీళ్ల ట్యాంకు కాగిపోకుండా చూసుకోవడం ఎలా?

చలిదేశాల్లో ఇంటి బయట ఉండే నీళ్ల ట్యాంకు శీతాకాలంలో గడ్డకట్టి పగలకుండా కాపాడుకోవడం పెద్ద పని. హైదరాబాద్‌లో ఆ బాధ లేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల దరిదాపులకు దిగినా, నీరు గడ్డకట్టే 0 డిగ్రీలకు అది చాలా దూరం. మన ట్యాంకుకు గడ్డుకాలం మార్చిలో మొదలై జూన్‌లో తొలకరి పడేదాకా సాగుతుంది. పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన రోజున, మధ్యాహ్నం రెండున్నరకు నల్లా తిప్పి చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. సాయంత్రం ఆరింటికి స్నానానికి వెళ్లినా నీళ్లు వేన్నీళ్లలాగే వస్తాయి. దీన్ని చాలావరకు తగ్గించుకోవచ్చు. అయితే ఏ పని ముందు చేయాలో, ఏది చేయనక్కర లేదో తెలియక డబ్బు పోగొట్టుకునేవారే ఎక్కువ. వారిలో నేనూ ఒకణ్ణి కనుక, ఆ వరుస తప్పకుండా చెప్పే ప్రయత్నం చేస్తాను.

అన్నిటికంటే ముందు, కాగుతున్నది ట్యాంకా, పైపా అన్నది తేల్చుకోండి. ఇందుకు ఖర్చేమీ లేదు. ఒక మండుటెండ రోజున, గంటసేపు ఎవరూ నీళ్లు వాడకుండా చూసి, మధ్యాహ్నం మూడింటికి స్నానాల గదిలో చల్లనీళ్ల నల్లా కింద బకెట్ పెట్టి పూర్తిగా తిప్పండి. ధార కింద చెయ్యి కాలకుండా జాగ్రత్తగా వేలితో తాకుతూ, బకెట్ ఎంతవరకు నిండాక వేడి తగ్గుతోందో గమనించండి. అంగుళం పైపులో మీటరుకు సుమారు అర లీటరు నీళ్లు నిలిచి ఉంటాయి. డాబా మీద, గోడల వెంట కలిపి 20 మీటర్ల పైపు ఎండలో ఉంటే, దాదాపు 10 లీటర్లు, అంటే సగం బకెట్ మేర, ఆ పైపులో ఉన్న నీళ్లే. సగం బకెట్ దాటాక నీళ్లు గోరువెచ్చగా మారితే మీ ట్యాంకు బాగానే ఉన్నట్టు, దోషం పైపుది. రెండో బకెట్ కూడా అదే వేడితో నిండితే ట్యాంకే కాగుతున్నట్టు. చేతి అంచనా మీద నమ్మకం లేకపోతే, చేపల తొట్టెలో వేసే చిన్న థర్మామీటరు చాలు.

ఈ పరీక్ష ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట మల్కాజ్‌గిరిలోని మా ఇంట్లో, ఏమీ ఆలోచించకుండా ట్యాంకు చుట్టూ థర్మోకోల్ పలకలు పెట్టించి, గట్టి టేపు చుట్టించాను. రెండు వారాలు గడిచినా నల్లాలో తొలి నీళ్లు అలాగే కాలుతూ వచ్చాయి. వేరే పని మీద వచ్చిన ప్లంబర్ డాబా ఎక్కి, ట్యాంకు మూత తీసి చెయ్యి పెట్టి చూసి, “ట్యాంకుల నీళ్లు మంచిగనే ఉన్నయ్ సార్, మీ పైపే కాల్తున్నది” అన్నాడు. స్లాబును ఆనుకొని పడివున్న ఆ పైపును వంగి పట్టుకోబోయి నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ థర్మోకోల్ కథ అక్కడితో ముగియలేదు. దాని సంగతి తరువాత చెబుతాను.

దోషం పైపుదని తేలితే పని తేలిక. మొదట పైపును స్లాబు నుంచి పైకి లేపండి. ఎండలో కాగిన స్లాబు కింది నుంచీ, సూర్యుడు పై నుంచీ వేడి చేస్తుంటే ఏ తొడుగూ నిలవదు. మీటరుకో ఇటుక ముక్క పెట్టి పైపును దాని మీద ఆనించినా సరే, పిట్టగోడకు క్లాంపులు కొట్టించినా సరే. దారి మార్చే వీలుంటే, పడమటి పిట్టగోడ లోపలి ముఖం వెంట పైపును తీసుకెళ్లండి. మధ్యాహ్నం దాటాక ఆ గోడ నీడే దానికి కాపలా. ఆ తరువాత ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్లటి రబ్బరు నురుగు గొట్టాన్ని మీ పైపు వెలుపలి కొలతకు సరిపోయేది తెచ్చుకోండి. రాణిగంజ్‌లోనో, ట్రూప్ బజార్‌లోనో పైపుల సామాను అమ్మే దుకాణాల్లో అడిగితే దొరికే వస్తువే. పైపు ముక్క ఒకటి చేత పట్టుకుని వెళ్లడం మేలు, ఎందుకంటే అంగుళం అని మనం చెప్పేదానికీ, పైపు అసలు వెలుపలి కొలతకూ తేడా ఉంటుంది. గొట్టాన్ని పొడవునా చీల్చి, పైపుకు తొడిగి, చీలిక కిందివైపు ఉండేలా తిప్పి, పైన వెండి రంగు అల్యూమినియం టేపును ఒక చుట్టు మీద మరో చుట్టు సగం ఎక్కేలా చుట్టండి. టేపు చుట్టడం మానేస్తే ఆ నల్లరబ్బరు ఎండకు పెళుసుబారి రెండు మూడు ఎండాకాలాలకే పొట్టులా రాలిపోతుంది. మలుపుల దగ్గర, వాల్వుల దగ్గర ఖాళీ వదలకండి. వాల్వు పిడి మాత్రం తిరిగేలా ఉంచండి.

ఇంత చేసినా ఎండలో గంటల తరబడి కదలకుండా నిలిచిన నీళ్లు కొంత వేడెక్కుతాయి. తొడుగు వేడిని ఆలస్యం చేస్తుందే గాని, పూర్తిగా ఆపదు. ఆ తొలి సగం బకెట్‌ను పారబోయకుండా పక్కన పెట్టి, జిడ్డు గిన్నెలకో, బట్టలు నానబెట్టడానికో వాడుకోండి. ఇంట్లో పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే మధ్యాహ్నం నేరుగా షవర్ కిందికి పంపకండి. బకెట్‌లో పట్టి, చేత్తో చూసి పోయడమే క్షేమం.

ఇక్కడ ఒక చిన్న అనుమానం కూడా తీర్చుకోండి. ఇంటి మీద సోలార్ వాటర్ హీటర్ ఉన్నవారు, దానికి చల్లనీళ్లు వెళ్లే పైపులో నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వు పనిచేస్తోందో లేదో చూపించుకోవాలి. అది చెడిపోతే కాగిన నీళ్లు మెల్లగా చల్లనీళ్ల వైపుకు తిరిగి వస్తాయి. ఒకరోజు హీటరుకు వెళ్లే వాల్వును, హీటరు నుంచి ఇంట్లోకి దిగే వేన్నీళ్ల వాల్వును కూడా కట్టేసి పై బకెట్ పరీక్షే మళ్లీ చేస్తే, దొంగ ఎవరో తెలిసిపోతుంది.

ఇప్పుడు ట్యాంకు సంగతి. ఇందులో నా అభిప్రాయం స్పష్టం: మన ఊళ్లో ట్యాంకుకు ముందు కావలసింది దుప్పటి కాదు, నీడ. నడినెత్తిన కాసే ఎండ చదరపు మీటరుకు దాదాపు 1 కిలోవాటు శక్తిని కుమ్మరిస్తుంది. 1,000 లీటర్ల నీళ్లు 10 డిగ్రీలు వేడెక్కాలంటే సుమారు 11.6 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. అంటే 2 కిలోవాట్ల గీజరు దాదాపు ఆరు గంటలు ఆగకుండా పనిచేసినట్టు. ఆ వేడిలో ఎక్కువ భాగం నేరుగా ఎండ నుంచి వచ్చేదే. ఎండను ట్యాంకు మీద పడకుండా ఆపితే, మిగిలేది వేడిగాలి ఒక్కటే. దుప్పటిలా చుట్టిన తొడుగుకు మరో లోపం ఉంది: అది పగటి వేడిని ఎలా లోపలికి రానివ్వదో, రాత్రి చల్లబడే నీళ్ల వేడిని అలాగే బయటకు పోనివ్వదు. పగలు ట్యాంకులో వెచ్చబడిన నీళ్లను సాయంత్రం అలాగే చక్కగా కప్పిపెడితే, తెల్లారేదాకా ఆ వెచ్చదనాన్ని మనమే భద్రంగా దాచినట్టవుతుంది.

నీడ ఎటు వేయాలన్నది ఆలోచించి వేయాలి. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే 9 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మధ్యాహ్నం 12 దాటిన కొద్ది నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు. ఈ రెండు రోజుల మధ్య మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. కాబట్టి పక్కనున్న మెట్ల గది గోడ, పిట్టగోడ, పొరుగింటి మేడ నీడ ఇస్తాయని నమ్ముకుంటే, అసలైన ఎండవేళ అవేవీ పనికి రావు. పై కప్పు ఒకటి తప్పనిసరి. మూడు దాటాక ఎండ వాలుగా వచ్చి ట్యాంకు పడమటి పొట్టను తాకుతుంది; దాన్ని పై కప్పు ఎంత పొడిగించినా ఆపలేదు కనుక, పడమటి వైపు నిలువు పరదా కట్టాలి. ఉత్తరం వైపు కప్పును ఒక అడుగు ఎక్కువ వదలండి. దక్షిణం వైపు పూర్తిగా తెరిచే ఉంచండి. గాలి ఆడడానికి, మూత తీసి చూడడానికి ఆ దారి కావాలి.

చలువ పందిరి వేయడం మన ఇళ్లకు కొత్త కాదు. పూర్వం వాకిట్లో నాలుగు గుంజలు పాతి, తాటాకులో కొబ్బరాకులో కప్పేవారు. డాబా మీద ఆ పని చేసేటప్పుడు స్లాబుకు రంధ్రం వేయకూడదు, వేస్తే వానాకాలంలో కింది గదిలో నీళ్లు కారతాయి. అందుకని ఖాళీ అయిన 20 లీటర్ల పెయింటు డబ్బాలు నాలుగు తీసుకొని, ఒక్కొక్క దాని నడుమ ఇనుప పైపును గాని గట్టి వెదురు బొంగును గాని నిలువుగా నిలబెట్టి, చుట్టూ కాంక్రీటు పోయించండి. ఒక్కొక్క డబ్బా 45 కిలోల పైన తూగుతుంది. కాంక్రీటు పోశాక మోయడం కష్టం కనుక, డాబా మీదే, పెట్టదలచిన చోటికి దగ్గరగా పోయించుకోవడం తెలివైన పని. వారం రోజులు తడుపుతూ ఆరనిచ్చాక, నాలుగు గుంజల తలలను అడ్డ పైపులతో కలిపి బిగించండి. ట్యాంకు మూతకూ కప్పుకూ మధ్య ఒక అడుగుకు తక్కువ కాకుండా ఖాళీ ఉండాలి. పందిరిని ట్యాంకు ఒంటికి మాత్రం ఎక్కడా కట్టకండి. గాలికి పందిరి ఊగితే ఆ ఒత్తిడి ట్యాంకు అంచుల మీద, పైపు అతుకుల మీద పడుతుంది.

కప్పుకు నర్సరీల్లో వాడే షేడ్ నెట్ సరిపోతుంది. 50, 75, 90 శాతం అని రకాలు ఉంటాయి. అది ఆపే ఎండ పాళ్లన్నమాట. 90 శాతం తీసుకోండి, లేదా 75 శాతం వల రెండు మడతలు వేయండి. అంచులను చిల్లుల వెంట నైలాన్ తాడుతో అల్లినట్టు కట్టాలి. నాలుగు మూలల్లో మాత్రమే కడితే మొదటి గాలిదుమారానికే చిరుగుతుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములతో వచ్చే ఈదురుగాలిని తక్కువ అంచనా వేయకండి. మూలల నుంచి పిట్టగోడ కొక్కేలకు తాళ్లు లాగి కట్టడం తప్పనిసరి. వల ఉన్న లాభమేమిటంటే గాలి దాని గుండా పోతుంది. రేకులు వేస్తే అవి తెరచాపలా గాలిని పట్టుకుంటాయి, పైగా తామూ కాగి కిందికి వేడి కక్కుతాయి. రేకులే వేయాలనుకుంటే పైన తెల్లరంగు వేసి, రెండడుగుల ఎత్తున బోల్టులతో బిగించండి. కోతులు తిరిగే కాలనీల్లో వల బతుకు కష్టమే. అక్కడ మాత్రం రేకులే నయం.

నా థర్మోకోల్ ఏమైందో ఇప్పుడు చెబుతాను. మే నెలలో ఒక సాయంత్రం గాలికి టేపు ఊడి, రెండు పలకలు పొరుగింటి జామచెట్టు ఎక్కి కూర్చున్నాయి. మిగిలినవి ఎండకు పసుపుపచ్చబడి, పొడిపొడిగా రాలి, డాబా మూలనున్న వాననీటి గొట్టంలో పేరుకున్నాయి. తొలి వానకు డాబా మీద అరచెయ్యి లోతు నీళ్లు నిలిచాయి. ఎండ తగిలే చోట థర్మోకోల్ వద్దని ఆ రోజు నుంచీ అందరికీ చెబుతూ వస్తున్నాను.

గోనె సంచుల పద్ధతి చాలామంది అడుగుతారు. ట్యాంకు చుట్టూ గోనెపట్టా చుట్టి తడిపితే పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. కుండలో, రంజన్‌లో నీళ్లు చల్లబడేది ఏ కారణం వల్లనో ఇదీ అందుకే. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడి మొత్తం ట్యాంకు నుంచే తీసుకుంటే, 1,000 లీటర్ల నీళ్లు అర డిగ్రీకి పైగా చల్లబడతాయి. నిజానికి ఆ వేడిలో కొంత చుట్టుపక్కల గాలి నుంచి కూడా వస్తుంది కాబట్టి ఫలితం అంతకంటే తక్కువే. వేసవి మధ్యాహ్నాల్లో మన గాలి పొడిగా ఉంటుంది కనుక ఈ ఉపాయం సముద్రతీరంలో కంటే ఇక్కడ బాగా పారుతుంది. అయితే ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే ఇంట్లో ట్యాంకు మీద నీళ్లు చల్లడానికి మనసొప్పదు. రోజుకు రెండుసార్లు ఎవరో ఒకరు డాబా ఎక్కాలి. బోరు నీళ్లతో తడిపితే గోనె మీద ఉప్పు పేరుకొని కొన్నాళ్లకు అట్టకడుతుంది. పందిరి వేశాక కూడా ఇంకొంచెం చల్లదనం కావాలనుకుంటే, నీళ్లకు లోటు లేని ఇంటివారు పడమటి సగానికి మాత్రం గోనె చుట్టి, ఉదయం పదకొండుకు, మధ్యాహ్నం రెండుకు తడపండి.

రంగు విషయంలో ట్యాంకు రకాన్ని బట్టి నడుచుకోవాలి. పాత ఇళ్లలో మెట్ల గది మీద కట్టిన సిమెంటు ట్యాంకుకు సున్నం అద్భుతంగా పనిచేస్తుంది. సున్నాన్ని ముందురోజు రాత్రి నానబెట్టి, వడగట్టి, గంజి గాని జిగురు గాని కలిపి, సాయంత్రం పూట వెలుపలి గోడలకూ, పై పలకకూ మూడు పూతలు వేయండి. కళ్లలో పడకుండా అద్దాలు పెట్టుకోండి. అదే చేత్తో ట్యాంకు చుట్టూ ఉన్న స్లాబుకు కూడా పూస్తే కింది నుంచి తగిలే సెగ తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం చెప్పేది కూడా ఇదే, ఎండను తిరగ్గొట్టే పైకప్పు ఇంటిని చల్లగా ఉంచుతుందని. మనం సింటెక్స్ అని పిలుచుకునే ప్లాస్టిక్ ట్యాంకులకు మాత్రం రంగు నిలవదు. ఆ ప్లాస్టిక్ స్వభావమే అంత, ఏడాది తిరగకుండానే పెచ్చులు లేస్తుంది. నల్ల ట్యాంకు ఉన్నవారు రంగు మీద ఖర్చు పెట్టే బదులు ఆ డబ్బు పందిరికి పెట్టడం మంచిది.

ట్యాంకు మార్చే సమయం ఎలాగూ వచ్చిందనుకుంటే, వెలుపల తెలుపు, నడుమ నల్లపొర ఉన్నది ఎంచుకోండి. ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకుల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 12701 ముద్ర ఉందేమో చూడండి. దుకాణం ముందు ఎండలో పెట్టించి, మూత తీసి లోపలికి చూస్తూ, బయటి గోడకు మీ అరచేతిని ఆనించండి. చేతి నీడ లోపలి నుంచి కనిపిస్తే ఆ ట్యాంకులోకి వెలుతురు దిగుతుందన్నమాట. వెలుతురు దిగితే, వెచ్చదనం తోడైతే, పాచి పట్టడానికి ఇంకేమీ అక్కర్లేదు. నల్లా నీళ్లలో కలిపిన క్లోరిన్ కూడా వేడికి తొందరగా తగ్గిపోతుంది కాబట్టి, ట్యాంకును చల్లగా ఉంచడం స్నానపు సుఖం కోసం మాత్రమే కాదు. పందిరి వేయకముందే, ఫిబ్రవరి నెలాఖరులో ట్యాంకును కడిగించి, మూత బిగువుగా పడేలా చూసుకోండి. మూత పగిలి ఉంటే దోమలకు అంతకంటే మంచి చోటు దొరకదు.

ఖర్చు లేని పని ఒకటి మిగిలింది, మోటారు వేసే వేళ మార్చుకోవడం. ఎండాకాలం పగటిపూట, భూమిలో ఉన్న సంపు నీళ్లు డాబా మీది నీళ్లకంటే చల్లగా ఉంటాయి. తెల్లవారుజామున ట్యాంకును అంచుదాకా నింపండి. నిండు ట్యాంకు నిదానంగా వేడెక్కుతుంది, అడుగంటిన ట్యాంకు త్వరగా కాగుతుంది; మూడో వంతు నీళ్లే ఉంటే అదే వేడికి దాదాపు మూడింతలు ఎక్కువగా వేడెక్కుతాయి. రోజు విడిచి రోజు నల్లా వచ్చే ప్రాంతాల్లో, నల్లా రాగానే నీళ్లన్నీ పైకి ఎక్కించే అలవాటు ఉంటుంది. వేసవిలో అలా చేయకుండా ఆ నీళ్లను సంపులోనే ఉంచి, ఉదయం ఒకసారి, సాయంత్రం స్నానాలకు అరగంట ముందు మరోసారి ఎక్కించండి. ఆటోమేటిక్ స్విచ్ ఉన్నవారు, నీళ్లు బాగా అడుక్కు దిగాక గాని మోటారు మొదలు కాకుండా అమర్చి ఉందేమో చూసుకొని, నీళ్ల మీద తేలే కింది ఫ్లోటును పైకి జరిపించుకోవాలి. అపార్ట్‌మెంట్లలో ఈ వేళలు వాచ్‌మన్ చేతిలో ఉంటాయి కనుక, అసోసియేషన్ ద్వారా ఒక కాగితం మీద రాయించి మోటారు స్విచ్ పక్కన అంటించడం మేలు.

జూన్‌లో వానలు కుదురుకున్నాక వలను విప్పి, దుమ్ము కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఎలుకలు చేరని చోట మడిచి పెట్టండి. గోనె చుట్టి ఉంటే దాన్ని మాత్రం ఒక్క వారం కూడా వానకు వదలకండి. నానితే కుళ్లి వాసన వస్తుంది. గుంజలు, కాంక్రీటు డబ్బాలు అక్కడే ఉండవచ్చు. పైపు తొడుగు విప్పనక్కర లేదు. చలికాలంలో మాత్రం ట్యాంకు మీద ఏ కప్పూ ఉంచకండి. అప్పుడు సూర్యుడు దక్షిణం వైపు నుంచి వాలుగా కాస్తాడు, ఆ లేత ఎండ తగిలితే ఉదయం పదింటి స్నానానికి గీజరు పని కొంత తగ్గుతుంది.